మల్లేశ్వరి ఏ సెషన్ మనిషి

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. ఆదోనిలో ఆలూరు రోడ్డు మీదున్న ఆ పెద్ద కల్యాణ మండపం కూడా నెలంతా ఖాళీగా పడి ఉంటుంది. నిరుడు ఆ ఖాళీలోకి నూటయాభై మంది మనసు డాక్టర్లు, కౌన్సెలర్లు దిగారు. రెండు రోజుల సదస్సు, సీబీటీ అనే చికిత్స మీద. మనిషి తనలో తాను అనుకునే మాటనూ, ఆ మాట నమ్మి చేసే పనినీ పట్టి చూసి, రెండింటినీ కొద్దికొద్దిగా మార్చుకునేలా చేసే చికిత్స అది. అంత పెద్దవాళ్లు ఏ బెంగళూరులోనో కూడకుండా ఆదోనికి ఎందుకొచ్చారంటే, ఈసారి పల్లెల్లో జరిగే పని గురించి పల్లెలకు దగ్గరగా కూర్చుని మాట్లాడుకోవాలని వాళ్లకు బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే. అయితే పల్లె మనిషిని ఏ గదిలో కూర్చోబెట్టాలన్న దగ్గర కాస్త తడబడ్డారు. ఆ తడబాటుకు మధ్యలో దొరికిన మనిషి మల్లేశ్వరి.

మల్లేశ్వరిది ఆస్పరి మండలంలో ఒక మెట్ట పల్లె. ఏడో తరగతి దాకా చదివింది. నలభై ఒక్క ఏళ్లుంటాయి. మొగుడు ఎర్రిస్వామికి రెండున్నర ఎకరాల చేను, వానదేవుడి దయ. ఆమె ఎమ్మిగనూరులోని ఒక సంస్థ తరఫున పదకొండు ఊళ్లు తిరుగుతుంది, ఆటో ఉంటే ఆటోలో, లేకపోతే నడిచి. మంచం దిగని వాళ్లూ, నిద్ర పట్టని వాళ్లూ, మూడు పూటలా గుండె దడ అని పడి ఉండేవాళ్లూ ఆమె మనుషులు. తొమ్మిదేళ్లలో రెండువందల మందికి పైనే చూసింది. వాళ్ల పేర్లు ఎర్రిస్వామికి కూడా తెలియవు. మొదట్లో ఒకసారి అడిగి, "నీకేం పని?" అని చీవాట్లు తిన్నాడు. మళ్లీ అడగలేదు.

ఆమె ఈ పనిలోకి వచ్చిన దారి కూడా చెప్పాలి. సదస్సుకు పన్నెండేళ్ల ముందు, పత్తి తీసే రోజుల్లో, ఐదో నెల కడుపు పోయింది. అంతకు ముందు కూడా ఒకసారి అలాగే అయింది. ఆ దెబ్బతో మల్లేశ్వరి మంచమెక్కింది. ఊరు ఊరంతా సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు, తరలిపోయినా ఆమె లేవలేదు. తన చేయి పడింది ఏదీ నిలవదని ఆమె మనసులో ఒక మాట పాతుకుపోయింది. పొయ్యి ముట్టించదు, ఎవరి బిడ్డనూ ఎత్తుకోదు, విత్తనాల మూట ఉన్న గదిలోకి అడుగు కూడా పెట్టదు. గాలి సోకిందన్నారు. ఉరుకుంద గుడికి తీసుకుపోయి మొక్కించారు. స్వామి ముందు నిలబడి కాసేపు ఏడ్చింది, అంతవరకు మేలే జరిగింది. ఇంటికొచ్చి మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది.

ఎండాకాలంలో ఎమ్మిగనూరు నుంచి స్కూటీ మీద సరస్వతి వచ్చింది. మగ్గం నేసేవాళ్ల ఇంటి పిల్ల, సైకాలజీ చదివి అప్పుడే ఆ సంస్థలో ఉద్యోగానికి చేరింది. ఆరుసార్లు వచ్చింది, ఆరుసార్లూ గోడకు చెప్పినట్టే చెప్పి పోయింది. ఏడోసారి అత్తకు విసుగు పుట్టింది. "ఊరికే యాల కూకుంటావు తల్లీ, ఇవన్నా ఒలువు," అని ఒక చేట నిండా బుడ్డలు సరస్వతి ముందు పెట్టింది. వేరుశనగను ఈ వైపు బుడ్డలనే అంటారు. అవి విత్తనానికి ఉంచినవి. కాయను ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కి, గింజ మీది ఎర్రపొర కూడా చెదరకుండా తీయాలి. పొర పోయినా, గింజ రెండు బద్దలైనా అది మొలవదు. మగ్గాల ఇంటి పిల్లకు ఇదంతా ఏం తెలుసు? రాయి తీసుకుని టపటపా కొట్టడం మొదలుపెట్టింది. పదో కాయో, పదిహేనో కాయో, గోడవైపు నుంచి మాట వచ్చింది.

"అట్ల కొట్టొద్దు మేడమ్. ఇత్తనం పలుగుతాది."

ఎనిమిది నెలల తర్వాత మల్లేశ్వరి నోటివెంట వచ్చిన మొదటి మాట అది. లేచి కూర్చుని, ఎలా ఒలవాలో చూపించింది. చూపిస్తూ చూపిస్తూనే చెప్పింది, తన చేయి మంచిది కాదని. సరస్వతి కాదనలేదు, ఔననలేదు. చూద్దామంది. రెండు పాత తట్టల్లో మట్టి పోయించి, ఒకదాంట్లో మల్లేశ్వరి ఒలిచి నాటినవి పది, ఇంకోదాంట్లో అత్త ఒలిచి నాటినవి పది గింజలు వేయించింది. తొమ్మిదో రోజుకు అత్తవి ఏడు మొలిచాయి, కోడలివి ఎనిమిది. అత్త రెండు రోజులు ముఖం ముడుచుకుంది. మల్లేశ్వరి మాత్రం ఆ తట్టల ముందు గొంతుక్కూచుని లెక్కపెట్టిందే లెక్కపెట్టింది. ఆ ఏడాది ఎర్రిస్వామి చేలో పడిన విత్తనమంతా ఆమె ఒలిచిందే.

పూర్తిగా కోలుకున్నాక, రెండేళ్లకు, సంస్థవాళ్లు ఆమెకే ఆరు నెలల శిక్షణ ఇచ్చి పనిలో పెట్టారు. చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది గానీ, ఒక్కటి మాత్రం తన సొంతంగా చేర్చింది. ఆమె ఎవరింటికి పోయినా ఊరికే కూర్చోదు. కౌన్సెలరు గంటసేపు ఊరికే కూర్చుంటే వీధి వీధంతా గుమ్మం ముందు చేరుతుంది, బుడ్డలు ఒలుస్తూ కూర్చుంటే ఎవరూ తిరిగి కూడా చూడరు. అందుకని చేట ముందేసుకుంటుంది. నోరు విప్పని మనిషి అయితే, చేతకాని దానిలాగా గింజలు పగలగొట్టడం మొదలుపెడుతుంది. సేద్యపు ఇంట పుట్టిన ఏ ఆడమనిషీ అది చూస్తూ ఊరుకోలేదు. సరస్వతికి తెలియక జరిగింది, ఈమెకు విద్య అయి కూర్చుంది. అన్నిటికీ ఇదే మందు అనుకునే రకం మాత్రం కాదు. చచ్చిపోతానన్న మాట ఒక్కటి వినపడిందా, చేట పక్కన పెట్టి ఆ మనిషిని అప్పటికప్పుడే ఆటో ఎక్కించి ఆదోని డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది.

ఇలాంటి మనిషికి సదస్సు పుస్తకం చేతికొచ్చింది. ఎమ్మిగనూరు ఆఫీసులో కూర్చుని తెలుగు పేజీలన్నీ వేలుపెట్టి చదివింది. ఎన్నిరకాల సెషన్లో! ప్రధాన ప్రసంగమంటే ఏమిటి, సింపోజియం అంటే ఏమిటి అని సరస్వతిని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. చివరికి తన పేరు కనపడింది. "అనుభవ కథనాలు: చికిత్సతో కోలుకున్నవారు. పది నిమిషాలు."

"మేడమ్, నన్ను రోగుల్లో యాల ఏసినారు?"

సరస్వతి తల దించుకుంది. "ప్రదర్శనలో ఏయమనే నేను సెప్పినా మల్లేశ్వరీ. డాక్టర్లు స్టేజి మీద చేసి చూపిస్తారు గదా, ఆడ. కమిటీవాళ్లు ఒప్పుకోల్యా. పేరు పక్కన డిగ్రీ ఉండాలంట."

"జబ్బు తొమ్మిది నెలలుండె. పని తొమ్మిదేండ్ల నుంచి చేస్తాండా. వాళ్లకు ఏది కనపడల్యా?"

మల్లేశ్వరి పుస్తకం మూసి సంచిలో వేసుకుంది. ఒకప్పుడు జబ్బు పడ్డానని చెప్పుకోవడానికి ఆమెకు సిగ్గు లేదు, ప్రతి ఇంట్లో చెప్పేదే. తనను అక్కడితోనే ఆపేశారన్నది ఆమెకు గుచ్చుకుంది. పనిచేసే మనిషిగా ఒక్కసారి వాళ్ల ముందు నిలబడాలి, అంతే ఆమె కోరిక.

మొదటి రోజు మండపం చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. పెళ్లి పీటలుండే వేదిక మీద ప్రధాన ప్రసంగం. ఒకాయన గంటసేపు మాట్లాడాడు, మిగతా అందరూ విన్నారు. ఆ తర్వాత అదే వేదిక మీద సింపోజియం. నలుగురు ఒకే సంగతి మీద వంతులవారీగా మాట్లాడారు, మధ్యలో ఒకావిడ గంట పట్టుకుని ఎవరు ఎక్కువ మాట్లాడితే వాళ్లకు టింగుమని కొట్టింది. అది మల్లేశ్వరికి తెగ నచ్చింది, ఊళ్లో పంచాయతీలకు ఒక గంట ఉంటే ఎంత బాగుండునో అనుకుంది. భోజనాల హాలు గోడల నిండా పోస్టర్లు. ఎవరి పోస్టరు పక్కన వాళ్లు నిలబడి, ఆగినవాళ్లకల్లా చెబుతున్నారు. రౌండ్ టేబుల్ చర్చ అని రాశారు గానీ మండపంలో ఉన్నవన్నీ పొడుగు భోజనాల బల్లలే, వాటి చుట్టూనే సర్దుకున్నారు. పెళ్లికూతురి గదిలో వర్క్‌షాప్. ఇరవైమంది నేల మీద కూర్చుని ఇద్దరిద్దరుగా నేర్చుకుంటున్నారు. గుమ్మంలో నిలబడి చూసి, ఇది మా పనే అనుకుంది. అనుభవ కథనాలు మాత్రం పెళ్లికొడుకు గదిలో.

ఆ గదిలో ముప్పైమంది కూర్చుని ఉన్నారు. గంట కొట్టే ఆవిడే ఇక్కడా అధ్యక్షురాలు. మల్లేశ్వరి పేరు పిలిచింది. మల్లేశ్వరి లేచి, పేరు చెప్పింది, ఊరు చెప్పింది. "ఇప్పుడు బాగుండాను. నా పని సంగతి సెప్పమంటే సెప్తా," అంది. అధ్యక్షురాలు, పని గురించి కాదమ్మా, మీ బాధ గురించి చెప్పండి అంది. మల్లేశ్వరి కూర్చుంది.

"పాపం, భావోద్వేగంతో మాట్లాడలేకపోయారు," అని అధ్యక్షురాలు మైకులో అంది. అందరూ మెత్తగా చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. ఆ జాలి చప్పట్లు వింటుంటే మల్లేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికొచ్చి టీ తాగుతూ కూడా చల్లారలేదు. అంత కోపంలోనూ ఆమె కన్ను ఊరుకోదు కదా, గ్లాసులు కడిగే దగ్గర ఒక మనిషి మీద పడింది. వంటవాళ్లతో ఆలూరు వైపు నుంచి వచ్చిన నాగమ్మ. పక్కవాళ్లు ఎంత నవ్వినా తల ఎత్తదు, పిలిస్తే పలకదు.

రెండో రోజు పొద్దున పదకొండు గంటలకు ప్రత్యక్ష ప్రదర్శన. బెంగళూరు నుంచి డాక్టర్ శివశంకర్ వచ్చాడు. పుట్టింది బళ్లారి, తెలుగులో కన్నడ యాస తొంగిచూస్తుంది. ముప్పై ఏళ్ల అనుభవం, పేరున్న మనిషి, గర్వం లేని మనిషి. వేదిక మీద రెండు కుర్చీలు వేయించి, "ఈ ప్రాంతపు ఆడమనిషిలాగా నటించేవాళ్లు ఎవరైనా వస్తారా? మొదటిసారి వచ్చిన పేషెంటుతో ఎలా మాట్లాడాలో చూపిస్తాను," అన్నాడు. అధ్యక్షురాలు వేలు మల్లేశ్వరి వైపు చూపింది. నిన్న మాట్లాడలేకపోయినావిడ ఉంది కదా అంది.

మళ్లీ రోగి కుర్చీయే. రానని చెప్పవచ్చు. మల్లేశ్వరి మాత్రం లేచి, కొంగు సర్దుకుని, పోయి కూర్చుంది. తను చూసిన రెండువందల మందిలో ఏ ఒక్కరి కథా బయటపెట్టదలుచుకోలేదు. మొదటి రోజు వాళ్లందరూ ఎలా ఉంటారో అలా ఉంది, అంతే.

"ఈ వారం మీ మనసు ఎలా ఉంది? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి."

"ఏమో సార్."

"బాధ కలిగినప్పుడు మనసులో ఏ మాట మెదులుతుంది?"

"ఏం ల్యాదు సార్. బాగుండాను."

"నిద్ర పడుతుందా?"

"పడతాది."

పన్నెండు నిమిషాలు గడిచాయి. డాక్టరు అటు తిప్పి అడిగాడు, ఇటు తిప్పి అడిగాడు. ఆమె కాలి బొటనవేలు చూస్తూ కూర్చుంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. డాక్టరు రుమాలుతో ముఖం తుడుచుకుని, పకపకా నవ్వేశాడు.

"నా వల్ల కావటం లేదమ్మా. నిజంగా ఇలాగే ఉంటారా?"

"ఇంకా గట్టిగుంటారు సార్. మీరు పెద్దోళ్లని నేను కొంచెం మర్యాద చేసినా."

హాలంతా గొల్లుమంది. నవ్వులు తగ్గేదాకా ఆగి డాక్టరు అడిగాడు. "అయితే మీరేం చేస్తారు?"

ఆ మాట కోసమే ఆమె రెండు రోజులుగా కాచుకుని ఉంది. "కుర్చీలు తీపిచ్చండి సార్," అంది. కింద చాప పరిపించి, మైకును దాని పక్కకు దించించింది. ఇంట్లో విత్తనాల పని మిగిలిపోతే, భోజనాల వేళ ఒలుచుకుందామని సంచిలో బుడ్డలు తెచ్చుకుని ఉంది, వాటిని ఒక పళ్లెంలో పోసింది. డాక్టరు చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు, ఆమె ఎలా నటించిందో అలాగే తల దించుకున్నాడు. మల్లేశ్వరి ఏమీ అడగలేదు. ఒక స్టీలు గ్లాసు తీసుకుని కాయలను టపటపా కొట్టడం మొదలుపెట్టింది. గింజలు బద్దలై చాప మీద పడ్డాయి. ఒకటి, రెండు, పది. డాక్టరు ప్రశాంతంగా చూస్తూ ఉన్నాడు. ఇంకో పది. డాక్టరు చేయి చాచి, బద్దలైన గింజ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

హాలు మళ్లీ నవ్వింది. మల్లేశ్వరికి మాత్రం అప్పుడు తెలిసొచ్చింది. ఎంత తెలివితక్కువ పని చేసింది! బుడ్డలంటే ఈయనకు తినేవే గదా. విత్తనం పగిలితే ఈయన ప్రాణం ఎందుకు ఉసూరుమంటుంది? తొమ్మిదేళ్లలో సేద్యం తెలియని మనిషి ఆమె ముందు కూర్చోనే లేదు, ఆ సంగతే తోచలేదు. ముందు వరుసలో అధ్యక్షురాలు గంట మీద చేయి వేసింది. వేరే ఏం చేయాలో తెలియక మల్లేశ్వరి ఇంకో నాలుగు కాయలు కొట్టింది. నా పని అయిపోయింది అనుకుంది.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఒక అరుపు వినపడింది.

"ఓయమ్మా! ఇత్తనాలన్నీ పలగ్గొడతాండావు గదమ్మా! సేతులా, రోకళ్లా అవి?"

నూటయాభై తలలు వెనక్కి తిరిగాయి. టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నాగమ్మ నిలబడి ఉంది. రెండు రోజులుగా పెదవి కదపని నాగమ్మ. పళ్లెం అక్కడే కుర్చీ మీద పెట్టేసి, వరుసల మధ్య నుంచి గబగబా నడిచి వేదిక ఎక్కింది. మల్లేశ్వరి చేతిలో గ్లాసు లాక్కుంది. చాప మీద గొంతుక్కూచుని, ఒక కాయ తీసి, డాక్టరు ముఖం ముందు పెట్టి చూపించింది.

"ఈడ, ముక్కు కాడ నొక్కాలప్పా. ఇట్ల. సూడు, పొర కూడా పోల్యా."

డాక్టరు శ్రద్ధగా నొక్కాడు. గింజ పగిలింది. "కాదప్పా, మెల్లగ," అని నాగమ్మ ఇంకోటి ఇచ్చింది. పక్కనే మల్లేశ్వరి కూడా ఒలవసాగింది, ఈసారి పద్ధతిగా. కాసేపు ముగ్గురూ ఒలిచారు.

"మా ఇంట్లో గూడ ఇత్తనాలు అట్లే పడుండాయి," అంది నాగమ్మ, చేతిలో కాయ వైపే చూస్తూ. "ఈసారి ముట్టుకోబుద్ధి పుట్టల్యా. మా ఆయన..."

మల్లేశ్వరి చేయి చాచి మైకు ఆపేసింది. లేచి నిలబడి, మైకు లేకుండానే, హాలు మొత్తానికి వినపడేలా చెప్పింది.

"ప్రదర్శన ఈడికి చాలు. మిగిలింది ఈయక్క నాతో చెప్తాది, మీ అందరితో కాదు."

నాగమ్మను చేయి పట్టుకుని దింపింది, బుడ్డల పళ్లెం చంకన పెట్టుకుంది. ఇద్దరూ వరుసల మధ్య నుంచి నడిచి వెనక తలుపులోంచి వెళ్లిపోయారు. వేదిక మీద డాక్టర్ శివశంకర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన్ను చూసి హాలంతా లేచింది. గంట ఆవిడ కూడా లేచింది. సరస్వతి కొంగుతో ముఖం కప్పుకుని ఏడుస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది. అబ్బ, ఆ చప్పట్లు! నిన్నటి మెత్తటి చప్పట్లు కావవి, మండపం పైకప్పు రేకులు అదిరాయి. అంత గొప్ప చప్పుడు జరుగుతున్నప్పుడు మల్లేశ్వరి గిన్నెలు కడిగే తావులో బోర్లించిన గంగాళం మీద కూర్చుని, నాగమ్మ చెప్పేది వింటోంది. ఆ చప్పట్లు చెవిన కూడా వేసుకోలేదు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మనకు అక్కర్లేదు. వచ్చే గురువారం మల్లేశ్వరి ఆలూరు వైపు పోవాలని మాత్రం అనుకున్నారు.

ముగింపు సభ అయ్యాక, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర డాక్టరు ఆమెను కలిశాడు. చేతిలో కాగితాలున్నాయి, వెనక సరస్వతి ఉంది.

"సదస్సు నివేదికలో ఈ ప్రదర్శన మీ పేరు మీద రాస్తున్నానమ్మా. నేను పేషెంటు వేషం వేశాను, అంతే. అయితే మీ పేరు పక్కన కమిటీవాళ్లు 'చికిత్సతో కోలుకున్న మహిళ' అని ఇచ్చారు. దాన్ని కొట్టేస్తాను."

మల్లేశ్వరి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కొట్టెయ్యొద్దు సార్. అది అబద్ధం గాదు గదా. రెండూ రాయండి. పని ముందర రాయండి, జబ్బు ఎనక రాయండి."

డాక్టరు కుళాయి గట్టు మీద కాగితం పెట్టి రాశాడు. రాసింది చదివి వినిపించమని అడిగిందామె. ఆయన నిలబడి చదివాడు.

"మల్లేశ్వరి, కౌన్సెలర్, ఆస్పరి మండలం. పనిలో తొమ్మిదేళ్లు. అంతకు ముందు జబ్బు, తొమ్మిది నెలలు."